గిద్దలూరులో పంచిన రాజ్యం

పత్రికలో నా పని ముగిసిన ఏడాది ఎండాకాలం మార్కాపురం నుంచి గిద్దలూరు వెళ్ళి మా అక్క ఇంట్లో రెండు నెలలు ఉన్నాను. పది రోజులకని బయల్దేరినవాణ్ణి. ఎందుకు ఉండిపోయావని ఎవరైనా ఫోన్ చేస్తే మోకాలి నొప్పి అని చెప్పేవాణ్ణి. అసలు కారణం రోజూ సాయంత్రం ఏడు గంటలకు టీవీలో వచ్చే రాజుల సీరియల్. ముప్పై ఏళ్ళకు పైగా ఆ గంటలో నేను వార్తలు పంపే హడావిడిలో ఉండేవాణ్ణి. సరిగ్గా ఆ గంటలోనే లోకంలో చాలామంది కాళ్ళు చాపుకుని, వేయించిన శనక్కాయలు నములుతూ ఒక రాజకుటుంబం నాశనమవుతుంటే చూస్తారని, అది ఇంత హాయిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

బావ పోయి చాలా ఏళ్ళయింది. మేనల్లుడికి బజారులో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. వాడి భార్యా పిల్లలూ సెలవులకు వెళ్ళారు కాబట్టి ఇంట్లో మేం ముగ్గురమే. హాల్లో టీవీ మాత్రం పది మందికి సరిపడేది. అందులో మహారాజు ముఖం దగ్గరగా చూపిస్తే ఆయన ముక్కు మా గోడ గడియారం కంటే పెద్దదిగా ఉండేది. ఏడు కాబోతుండగా వీధిలో ఐదారుగురు ఆడవాళ్ళు వచ్చి చేరేవారు. ఎవరింట్లో వాళ్ళకు టీవీ ఉంది. అయినా వచ్చేవారు. ఒక్కరే కూర్చుని చూస్తే మంత్రిని తిట్టడానికి తోడు ఉండదు కదా.

వాళ్ళలో ముందు కుర్చీ పక్కింటి వదినది. ఆమె మాకు చుట్టం కాదు. ముప్పై ఏళ్ళ కిందట కొమరోలు వైపు పల్లె నుంచి వచ్చి పక్క స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నప్పుడు మా అక్క గోడ మీద నుంచి “వదినా, మంచినీళ్ళు కావాల్నా?” అని అడిగిందట. ఆమె “ఈయి వదినా” అందట. వరస అక్కడే ఖాయమైంది. నాకూ వదినే అయింది. నన్ను మరిదీ అనేది. వాళ్ళది గొర్రెల కుటుంబం. కొడుకు ఇప్పటికీ రోజూ పల్లెకు పోయి మందనూ చేనునూ చూసుకుని పొద్దుగూకే లోపు వస్తాడు.

తర్వాత ఆ నీళ్ళ వ్యవహారం తిరగబడింది. అక్క బోరు రెండేళ్ళ కిందట ఎండిపోయింది. ఇంకొకటి వేయిస్తే దుమ్ము వచ్చింది. వదిన బోరులో మాత్రం నీళ్ళున్నాయి. రెండింటికీ మధ్య పదిహేను అడుగులు ఉంటాయేమో. భూమి లోపల ఎవరు ఎవరి పక్షమో మనకు తెలియదు. ఎండిపోయిన మర్నాడే పచ్చ పైపు ఒకటి గోడ మీదుగా వచ్చి మా అక్క సంపులో పడింది. ఆనాటి నుంచి రోజూ పొద్దున ఆరింటికి పైపు ఇటు వచ్చేది, సాయంత్రం ఏడింటికి వదిన ఇటు వచ్చేది. దీన్ని ఒప్పందమని ఎవరూ అనుకోలేదు.

సీరియల్ ఏ భాషలో తీశారో గాని తెలుగులో మాట్లాడేది. పెదవులు ఆగిపోయాక కూడా కాసేపు మాట వినపడేది. ఎవరైనా తలుపు తీస్తే చాలు, గదిలో ఉన్నవాళ్ళందరి ముఖాలూ వరసగా మూడేసిసార్లు చూపించేవారు. పదకొండు మంది ఉన్న దర్బారులో ఒక వార్త చెప్పడానికి ఒక రోజు ఎపిసోడ్ మొత్తం అయిపోయేది. నేను పనిచేసిన పత్రికలో అదే వార్తకు నాలుగు పంక్తులు ఇచ్చేవారు. కిటికీలు లేని గదుల్లో పరదాలు ఎగిరేవి. ఇద్దరు రాణులూ కిరీటాలు పెట్టుకునే నిద్రపోయేవారు.

మా హాల్లో ప్రశ్నలు వేరే ఉండేవి.

“అంత కోటలో పొయ్యి యాడుందో ఎప్పుడన్నా చూపిచ్చినారా?”

“అన్ని మెట్లెక్కి నీళ్ళు ఎవరు మోస్తారో పాపం.”

“మోసేదేంది, ముందర చెరువుంది చూడు.”

చెరువు మొదట్లో పేర్లు పడేటప్పుడు వచ్చేది. కోట ముందు, అంచుల దాకా నిండిన చెరువు. అది వచ్చినప్పుడు ఎవరూ మాట్లాడేవారు కాదు. మిగతా సీరియల్ అంతా వాళ్ళు మాట్లాడుతూనే చూసేవారు.

కథ చిక్కుది కాదు. మహారాజుకు ఇద్దరు భార్యలు. పెద్దరాణికి పిల్లలు లేరని చిన్నరాణిని చేసుకున్నాడు. చిన్నరాణికి కొడుకు పుట్టాడు. పుట్టిన మరుసటేడు పెద్దరాణికీ కొడుకు పుట్టాడు. వయసులో చిన్నరాణి కొడుకు పెద్ద. తల్లి హోదాలో పెద్దరాణి కొడుకు పెద్ద. ఇద్దరికీ మీసాలు వచ్చేశాయి. ఎవరికి పట్టమో చెప్పకుండా మహారాజుకు జబ్బు చేసింది.

హాల్లో అందరికీ ఆ కుటుంబంతో వరసలున్నాయి. మహారాజు మా అక్కకు అన్న. పెద్దరాణి వదిన. ఎదురింటి కోడలికి మంత్రి మేనమామ, ఆయన చేసే పనులకు ఆ అమ్మాయి తల దించుకునేది. పక్కింటి వదిన చిన్నరాణిని మా చెల్లెలు అనేది. “మా చెల్లెలు ఈపొద్దు ఏం తిన్లేదు, చూసినారా” అని ఎపిసోడ్ అయిపోయాక కూడా బాధపడేది. నాకు ఏ వరసా దొరకలేదు. పేపరాయన కదా, ఎవరి పక్కా ఉండకూడదన్నారు. ఉండటం లేదని చెప్పాను గాని సేనాపతి మీద నాకు అభిమానం ఉండేది.

మహారాజు చనిపోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. తొమ్మిదో రోజు ఆయన చెయ్యి ఎత్తి, ఇద్దరు కొడుకుల మధ్యలో ఉన్న స్తంభం వైపు చూపించి ప్రాణం విడిచాడు. హాల్లో గొడవ మొదలైంది.

“చిన్నోడి పక్కకు చూపిచ్చినాడు. పెద్దరాణి కొడుకునే,” అంది అక్క.

“కండ్లు కనపడతన్నాయా వదినా? మా పిల్లోని పక్కకు చూపిచ్చినాడు. వాడు ముందు పుట్టినోడు.”

“ముందు పుడితే? ముందు తాళి కట్టింది ఎవరికి?”

“కడుపు పండింది ఎవరికి ముందు?”

ఎదురింటి కోడలు స్తంభానికే చూపించాడేమోనని ఒక మాట వేసింది. ఎవరూ పట్టించుకోలేదు. అక్క గొంతు పెరిగింది. “ఎన్ని నగలు దిగేసినా రెండోది రెండోదే. పెద్దామె ముందర నిలబడగల్దా?”

అప్పుడు సబ్బు ప్రకటన వస్తోంది. వదిన లేచింది. ప్రకటనల మధ్యలో ఆమె లేవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిందేమో అనుకున్నాను.

మర్నాడు ఆరింటికి పైపు రాలేదు. ఏడింటికీ రాలేదు. నేను గోడ దగ్గరకు వెళ్ళి పిలిచాను.

“మోటారు గాని పాడైందా వదినా?”

“మోటారుకేం రోగం. బాగనే తిరుగుతాంది.”

“మరి పైపు?”

“పైపు కూడా బాగనే ఉంది మరిదీ. నా చేతులే బాగలేవు.”

ఆ చేతులతోనే ఆమె అప్పుడు ఒక పెద్ద గంపెడు చింతపండు కొట్టి గింజలు తీస్తోంది.

మేనల్లుడు దుకాణంలో నాకు అసలు సంగతి చెప్పాడు. “మామా, అమ్మ అన్నది చిన్నరాణిని. తగిలింది పక్కింటి అత్తకు. ఆమె కూడా రెండో భార్యే గదా.”

నాకు తెలియదు. వీధిలో కూడా ఎవరికీ తెలియదట. పల్లెలో ఆమె భర్తకు మొదటి భార్య ఉండేది. పిల్లలు కాలేదు. ఆ మొదటామే స్వయంగా వెళ్ళి ఈమెను అడిగి తెచ్చుకుంది. ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకున్నారు, ఒకే పిల్లవాణ్ణి పెంచారు. మొదటామె పోయాకే వీళ్ళు గిద్దలూరు వచ్చారు. వచ్చిన కొత్తలో వదిన ఈ మాట మా అక్క ఒక్కదానికే, వంటింట్లో చెప్పుకుంది. మేనల్లుడు అక్కడే కూర్చుని అన్నం తింటూ విన్నాడు కాబట్టి వాడికి తెలుసు. ఇప్పుడు నేను రాస్తున్నానంటే వదిన ఒప్పుకుంది గనక. “పేరు రాయొద్దు. మిగిలింది నీ ఇష్టం, అబద్ధం రాయకుంటే సాలు,” అంది.

ముప్పై ఏళ్ళు అక్క ఆ రహస్యాన్ని బయటికి పొక్కకుండా దాచింది. ఒక రాజు స్తంభం వైపు చెయ్యి చూపించేసరికి దాని పక్కనే ఉన్న మాట ఒకటి జారిపోయింది. మాట నోట్లోంచి వచ్చిన క్షణమే తెలిసిందట. ఆ సంగతి అప్పట్లో నాతో మాత్రం ఒప్పుకోలేదు.

“నేను రాణిని అన్నా. ఆమెను అన్నానా? టీవీలో వాళ్ళను అంటే ఈడోళ్ళకు తగిలితే నేనేం చేసేది?”

“ఆ మాట పోయి ఆమెతో చెప్పు అక్కా.”

“చెప్తే అది గుర్తు చేసినట్ల కాదా? ఏమని చెప్పేది? నిన్ను అనలేదంటే, మరి నాకెందుకు చెప్తన్నావు అని అడగదా?”

ఇంట్లో నీళ్ళు అయిపోయాయి. వీధి కుళాయి ఆ ఎండల్లో నమ్ముకోదగ్గది కాదు. మేనల్లుడు దుకాణం నుంచి పదకొండు కొత్త బిందెలు తెచ్చి, రెండు వీధుల అవతల స్నేహితుడి ఇంటి నుంచి స్కూటర్ మీద నీళ్ళు మోశాడు. బిందెల మీద కంపెనీ స్టిక్కర్లు అలాగే ఉన్నాయి. ఎవరైనా దుకాణానికి వచ్చి ఆ సైజు బిందె కావాలంటే, వాడు ఇంటికి వచ్చి ఒకటి ఖాళీ చేసి, తుడిచి తీసుకుపోయేవాడు. అలా ఒక పెళ్ళివాళ్ళు ఒకేసారి నాలుగు కొనేసరికి ఆ రోజు మేం స్నానాలు చేయలేదు.

సాయంత్రాలు ఇంకా ఇబ్బందిగా ఉండేవి. వదిన వాళ్ళింట్లోనే చిన్న టీవీ పెట్టుకుని పూర్తి సౌండుతో చూడటం మొదలుపెట్టింది. వాళ్ళది కేబుల్, మాది డిష్. వాళ్ళింట్లో మాట మా టీవీ కంటే మూడు నాలుగు క్షణాలు ముందు వచ్చేది. పెద్దరాణికి విషం పెట్టిన పాయసం సంగతి ఆమె గిన్నె ఎత్తకముందే గోడ అవతల నుంచి మాకు తెలిసిపోయింది. అక్క చెవులు మూసుకుని చూసేది. మూసుకుంటే మా టీవీ వినపడదు. పోనీ మన సౌండు పెంచుదామంటే “ఆమెతో నాకు పోటీనా” అనేది. రెండు ఇళ్ళలోనూ మహారాజు అస్థికలు నాలుగు క్షణాల తేడాతో నదిలో కలిశాయి. వీధిలో ఆడవాళ్ళలో ఇద్దరు అటు వెళ్ళారు, ఇద్దరు ఇటు ఉన్నారు. ఎదురింటి కోడలు రోజు మార్చి రోజు వచ్చేది.

నేను రాజీకి ప్రయత్నించాను. పల్లెల్లో పెద్ద పెద్ద తగాదాలు చల్లారడం చూసి రాసినవాణ్ణి కాబట్టి ఇదెంత అనుకున్నాను. వదిన వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది.

“పట్టం ముందు పుట్టినోనికే అని మీ అక్కతో ఒక మాట అనిపిచ్చు మరిదీ. పైపు కాదు, నేనే బిందెతో మోసి పోస్తా.”

అక్క దగ్గరకు వచ్చి చెప్పాను.

“ఏం కావాలన్నా అడగమను. అది మాత్రం అనను. పట్టం పెద్దరాణి కొడుక్కే. న్యాయం న్యాయమే.”

“అక్కా, వాళ్ళు వేషాలేసుకున్నవాళ్ళు.”

“వేషం ఎవురేస్తే ఏంది? న్యాయం మారతదా?”

ఇరవై రోజులు ఇలా గడిచాయి. అక్క సన్నబడింది. గోడ వైపున ఉన్న వంటింటి కిటికీ దగ్గరే కూర్చుని కూరలు తరిగేది, అవతల గిన్నెల చప్పుడు వింటూ. వదినకు ఒంట్లో బాగలేదని ఒక రోజు ఎవరో అంటే కత్తిపీట అక్కడే వదిలి గోడ దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చుంది. నీళ్ళ కంటే ఆ మనిషి లేకపోవడం ఆమెను తినేస్తోందని, ఈసారి మాట కలవకపోతే ఇక ఈ జన్మకు కలవదని నాకు అర్థమైంది. ఇద్దరికీ డెబ్బై దగ్గర పడ్డాయి.

అప్పుడు వీధి చివర పెద్దాయన కలగజేసుకున్నాడు. ఆయన దస్తావేజు లేఖరి. రిజిస్ట్రారు ఆఫీసు ముందు చెట్టు కింద బల్ల వేసుకుని నలభై ఏళ్ళు భాగపత్రాలూ అమ్మకపత్రాలూ రాసినవాడు. ఈ చుట్టుపక్కల అన్నదమ్ముల ఇళ్ళ మధ్య లేచిన గోడల్లో చాలా వాటికి ముందు ఆయన రాసిన కాగితం ఉంది. కంప్యూటర్లు వచ్చి బల్ల ఎత్తేశాక ఏమీ తోచక ఆయన కూడా ఆ సీరియలే చూస్తున్నాడు. మా వాకిట్లో నిలబడి అక్కతో అన్నాడు.

“అమ్మా, ఇది సీరియల్ కొట్లాట కాదు. భాగాల కొట్లాట. దీనికి కాగితం రాయాల. లేకుంటే తెగదు.”

“యాడ రాజ్యం చిన్నాయనా, యాడ మనం? మనం పంచేదేంది?”

“ఎందుకు పంచకూడదు? నేను పుట్టినప్పుడు ఈ ఊరు కర్నూలు జిల్లా. తర్వాత ప్రకాశం అన్నారు. ఇప్పుడు దాంట్లో ఆ పక్కా ఈ పక్కా తీసి కొత్త ప్రకాశం అంటన్నారు. మనల్ని అడిగి పంచినారా? వాళ్ళు మనల్ని పంచొచ్చు, మనం వాళ్ళను పంచకూడదా?”

పంచాయితీ ఆదివారం మధ్యాహ్నం పెట్టాడు. ఆదివారం సీరియల్ ఉండదు. నడుస్తున్న వ్యవహారం మీద తీర్పు చెప్పకూడదట. వదిన దగ్గరకూ ఆయనే వెళ్ళాడు. రాజ్యం పంచుతున్నామని చెబితే, “మా చెల్లెలి తరఫున ఎవరూ రాకుంటే అన్యాయం చేస్తారు” అని బయల్దేరింది. నీళ్ళ గురించి మాట్లాడదాం రమ్మని ఉంటే వచ్చేది కాదు.

ఆమె తన కుర్చీలో కూర్చోలేదు. తలుపు దగ్గర పీట వేసుకుంది. అక్క వంటింట్లోంచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టింది.

“ఉంచుకో,” అంది వదిన, చెంబు వైపు చూసి. “మీకే తక్కువ.”

అక్క మంచం అంచున కూర్చుంది. పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని తెల్లకాగితం తీశాడు. నన్ను సాక్షిగా, ఆస్తి వివరాలు చెప్పేవాడిగా పెట్టారు.

“షెడ్యూలు చెప్పు. కోట ఎన్ని అంకణాలు?”

“తెలీదండీ. పెద్దది.”

“పెద్దది అని రాస్తారా? నలభై ఏళ్ళల్లో ‘పెద్దది’ అని నేను రాయలేదు. హద్దులు చెప్పు. తూర్పు?”

“కొండలు.”

“పడమర?”

“అటు ఎప్పుడూ చూపించలేదు.”

ఆయన కలం ఆపి బాధగా చూశాడు. చివరికి పడమర హద్దు ‘చూపించని స్థలం’ అని రాసుకున్నాడు.

“సైన్యం?”

“ఐదుగురు తాతా,” అన్నాడు మేనల్లుడు. “మనోళ్ళు అటు పరిగెత్తేటప్పుడు వాళ్ళే, శత్రువులు ఇటు పరిగెత్తేటప్పుడూ వాళ్ళే.”

“అయితే వాళ్ళు ఉమ్మడి. ఏనుగు?”

“ఒకటి.”

“గుర్రం?”

“తెల్లది ఒకటి ఉంది,” అంది వదిన. అప్పటిదాకా ఆమె పలకలేదు. “దానికి వెనక కుడికాలు బాగలేదు. నిలబడినప్పుడు ఆనిచ్చదు. నెల నుంచి చూస్తన్నా, ఒక్కడు పట్టిచ్చుకోడు. ఆ రాజపుత్రుడు దాని మీదెక్కి ఉపన్యాసం ఇస్తాడు.”

పెద్దాయన ‘గుర్రం ఒకటి, కుంటిది’ అని రాశాడు. “చెరువు?” అన్నాడు.

మాకందరికీ ఆ చెరువు తెలుసు.

“ఇంత నీళ్ళు పెట్టుకొని కొట్టుకుంటారేంది వీళ్ళు,” అంది ఎదురింటి కోడలు. ఆమె ఆ రోజు ఎవరి వైపో నాకు తెలియలేదు.

ఆస్తి తేలాక పెద్దాయన పత్రం మొదలుపెట్టాడు. రాసేది పైకి చదువుతూ రాయడం ఆయన అలవాటు. “కీర్తిశేషులైన మహారాజు గారి మొదటి భార్య తరఫు ఒకరు, సదరు మహారాజు గారి రెండవ భార్య తరఫు...”

“ఆ మాట తీసెయ్ చిన్నాయనా,” అంది అక్క.

“ఏ మాట?”

“మొదటి, రెండో అని. ఇద్దర్నీ రాణి అని రాయి.”

“అట్ల రాస్తే ఎవరు ఎవరో తెలీదమ్మా. పత్రం చెల్లదు.”

“చెల్లకపోతే చెల్లకపోనీ. ఇంట్లో ఇద్దరుంటే ఇద్దరూ ఇల్లాళ్ళే. నేను ముందు అంత తెలివిలేక మాట్లాడినా. ఇంకో కాగితం తీసుకో.”

పెద్దాయనకు ఏమీ అర్థం కాలేదు. ఆ మాటకు అర్థం తెలిసినవాళ్ళం ఆ గదిలో నలుగురమే. వదిన ఆపి ఉన్న టీవీ వైపు చూస్తోంది. మేనల్లుడు లేచి బయటికెళ్ళి స్కూటర్ తుడవడం మొదలుపెట్టాడు. పెద్దాయన గొణుక్కుంటూ కొత్త కాగితం తీసి, ‘శ్రీమతి రాణి గారు’ అని ఒక వరసలో, దాని కింద మళ్ళీ ‘శ్రీమతి రాణి గారు’ అని రాసి, తన చేతిరాతను తానే నమ్మలేనట్టు చూసుకున్నాడు.

మా వైపు భాగాలకు ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు భాగాలు వేయాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. వేసేవాడికి ఏది మిగులుతుందో తెలియదు కాబట్టి సమంగా వేస్తాడు. రాజకుమారుల్లో పెద్ద ఎవరనేదే తగాదా కాబట్టి పెద్దాయన దాన్ని పక్కన పెట్టి, వచ్చినవాళ్ళ వయసు అడిగాడు. అక్క రెండేళ్ళు పెద్ద. కాబట్టి అక్క వేయాలి.

అక్క చాలాసేపు ఆలోచించింది. మేం చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాం. చివరికి చెప్పింది.

“ఒక భాగం కింద కోట, సింహాసనం, నగల పెట్టెలు, ఏనుగు, చెరువు రాయి. ఇంకో భాగం కింద గుర్రం.”

“గుర్రంతో పాటు?”

“గుర్రమే.”

పెద్దాయన కలం కింద పెట్టాడు. “అమ్మా, మతి ఉండే చెప్తన్నావా? ముందు కోరుకునేది ఆమె. చెరువున్న భాగం ఎత్తుకపోతది. నీకు మిగిలేది కుంటిగుర్రం.”

“పద్ధతి నాకు తెల్దా? అట్లనే రాయి.”

నేను సాక్షిగా ఎన్నో పంచాయితీల్లో కూర్చున్నాను, పత్రిక తరఫున ఎన్నో చూశాను. గజం కోసం కొడవళ్ళు ఎత్తినవాళ్ళను చూశాను. ఎదుటివాళ్ళు కోరుకోవాలని మొత్తం ఆస్తిని ఒక పక్కన కుప్ప పోసినవాళ్ళను చూడలేదు. అది మూడడుగుల టీవీలో రాజ్యమే కావచ్చు, అయినా అక్క దాన్ని ఇరవై రోజులు నీళ్ళు లేకుండా పట్టుకుని కూర్చుంది. పట్టం పెద్దరాణి కొడుక్కే అని ఒక్క మెట్టు దిగని మనిషి సింహాసనం తీసి అవతల పెట్టింది.

“ఊఁ, కోరుకోమ్మా,” అన్నాడు పెద్దాయన వదినతో, విసుగ్గా. ఇక కోరుకోవడానికేముందన్నట్టు కలం మొదటి భాగం మీద పెట్టాడు కూడా.

వదిన పీట మీద కదిలింది.

“నాకు గుర్రం ఈయి,” అంది.

“ఏందీ?”

“అంత కోట నేను ఊడ్చలేను. మోకాళ్ళు పడవు. గుర్రానికి కాలు చూసేవాళ్ళు కావాల. ఆవనూనె కాచి పది రోజులు పట్టేస్తే లేచి తిరుగుతది.”

“నీళ్ళు లేని భాగం కోరుకుంటన్నావమ్మా! గిద్దలూరులో కూర్చోని!”

“మా ఇంట్లో ఉన్నయిలే నీళ్ళు,” అంది వదిన.

ఆ మాట పెద్దాయనతోనే అంది. అక్క వైపు చూడలేదు. అక్క కూడా చూడలేదు, పమిట కొంగుతో మంచం కోడు తుడుస్తోంది. పెద్దాయన మా అందర్నీ ఒకసారి చూసి, ఇంత పనికిమాలిన భాగపత్రం తన జీవితంలో రాయలేదని, తన పేరు కింద వేయనని చెప్పి, మళ్ళీ అలవాటు చంపుకోలేక వేసేశాడు. నేనూ సాక్షి సంతకం చేశాను. వదిన లేస్తూ ముందు పెట్టిన చెంబు ఎత్తి, నిలబడే గటగటా తాగి, ఖాళీది అక్క పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

ఆ పత్రాన్ని రాజకుటుంబం గౌరవించలేదు. సోమవారం ఎపిసోడ్‌లోనే ఇద్దరు కొడుకులూ కత్తులు దూశారు. పెద్దరాణి కారాగారానికి పోయింది. సేనాపతి, నా సేనాపతి, మంత్రితో చేరిపోయాడు. ముందు కుర్చీలోంచి వదిన, మంచం మీద నుంచి అక్క ఒకే గొంతుతో అందర్నీ తిట్టారు. కానీ అది సాయంత్రం సంగతి. పొద్దున జరిగింది చెప్పి ఆపుతాను.

పొద్దున ఆరు గంటలకు గోడ మీద ఏదో రాసుకున్న చప్పుడైంది. నేను అరుగు మీద పేపరు చదువుతున్నాను. పచ్చ పైపు జారుకుంటూ వచ్చి సంపులో పడింది. అవతల మోటారు మొదలైంది. అక్క వచ్చి సంపు పక్కన నిలబడింది. నీళ్ళు సగానికి వచ్చాయి, ముప్పావుకు వచ్చాయి. అంచుకు వచ్చాయి. అక్క కదల్లేదు. నీళ్ళు పొర్లి, వాకిలి దాటి, వీధిలోకి పోతున్నాయి. ఆ ఎండాకాలంలో ఆ వీధిలో నీళ్ళు పారడం కుక్కలు కూడా నమ్మలేదు, రెండు దూరంగా నిలబడి చూస్తున్నాయి.

పాల ప్యాకెట్ తీసుకుని వెళ్తున్న పెద్దాయన పంచె ఎత్తి పట్టుకుని అరిచాడు. “ఏమమ్మా, నీళ్ళు పోతన్నయి! చెరువొచ్చిందనుకున్నావా?”

అప్పుడు అక్క గోడ వైపు తిరిగింది.

“చాలు వదినా!”

మోటారు ఆగలేదు.

“చాలంటన్నా వదినా!”

“ఏందీ?” అంది గోడ అవతల గొంతు. “మోటారు చప్పుడుకు వినపడ్లా. ఇంకోసారి చెప్పు.”

అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో అరుగు మీద నుంచి నాకు కనపడలేదు.

“వదినా,” అంది మళ్ళీ, ఈసారి చిన్నగా.

దానికి ఆగింది మోటారు.